గ్లాసుకు వరస లేదు

మెరకపాలెం రేడియో స్టేషన్ దినచర్య పుస్తకం. రాస్తున్నది ఆపరేటరు పురుషోత్తం.

నమోదు 2211. మార్చి 4, బుధవారం, ఉదయం 9.15

గాలి దక్షిణం నుంచి. పోటు నిండుగా ఉంది. యాంటెన్నా తీగల మీద ఉప్పు తుడిచాను. రేకుల మీద ఉపగ్రహం ముక్క ఒకటి పడి ఉంది, అరచేయంత. రేకు చిల్లి పడలేదు. ముక్కను డబ్బాలో వేశాను. డబ్బా నిండింది.

బ్యాండ్ తెరుచుకుంది.

ఈ వాక్యం ఈ పుస్తకంలో పదకొండేళ్ల కిందట ఒక్కసారి రాశాను. సూర్యుడి మీద మచ్చలు ముదిరినప్పుడు పై ఆకాశం అద్దంలా మారి, మన మాటను భూమి అవతలి వైపు పడేస్తుంది. ఉపగ్రహాలు ఉన్న రోజుల్లో ఇది కొందరి సరదా. అవి ఒకదాన్నొకటి గుద్దుకుని రాలిపోయాక అందరికీ ఇదే ఆధారం. అయినా ఇన్నేళ్లూ మా మాట బంగాళాఖాతం దాటడమే గొప్పగా ఉండేది.

7.10కి న్యూజిలాండ్. 7.25కి చిలీ. చిలీ ఆయన వెనక కోళ్లు అరుస్తున్నాయి. పదిహేడు వేల కిలోమీటర్ల అవతల కోడి కొక్కొరోకో అంటే నా చెవిలో వినిపించింది. "మీ కోడికి నా నమస్కారం చెప్పండి" అన్నాను. ఆయన చెప్పాడు. కోడి మళ్లీ అరిచింది. నేను లేచి నిలబడ్డాను. కుర్చీ వెనక్కి పడింది. పడనిచ్చాను.

8.40కి మెస్సులో పెసరట్టు. చల్లారిపోయి ఉంది. మా ఆవిడ రాజ్యం ఉన్నప్పుడు నేను చెవుల మీదనుంచి హెడ్‌ఫోన్ తీసేసరికి గోడ అవతల పెనం చుర్రుమనేది. ఒక్కనాడు ముందు కాదు, ఒక్కనాడు వెనక కాదు. ఎలా తెలుస్తుందని అడిగితే "మనసు" అనేది. నేను నమ్మాను. నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

ఇది స్టేషన్ పుస్తకం. ఇలాంటివి ఇందులో రాయకూడదు.

నమోదు 2212. మార్చి 5, గురువారం, మధ్యాహ్నం 1.00

బ్యాండ్ తెరిచే ఉంది. ఊరికి తెలిసిపోయింది.

సముద్రంలో మూడు పాత గ్యాస్ రిగ్గులను వంతెనలతో కలిపి కట్టిన ఊరు ఇది. ఇక్కడ వార్త ఇనుప నేల మీద చెప్పుల చప్పుడంత వేగంగా వెళ్తుంది. ఎనిమిదింటికల్లా స్టేషన్ ముందు ముగ్గురు.

మొదట నాగవేణి. పడవల సంఘం పెద్ద. సముద్రంలో ఉన్న పడవలు ఎక్కడున్నాయో కనిపెట్టే ఆమె ప్రోగ్రాం పేరు తెడ్డు. "ఆకాశం అంత బాగుంటే ఈసారి లోతుకి పంపిస్తా పడవల్ని. నాలుగొందల కిలోమీటర్లు. సూర చేప అక్కడుంది" అంది.

రెండు, పోస్టు మస్తాన్. ఊరి ఉత్తరాలన్నీ రేడియో మీద పంపే అతని ప్రోగ్రాం పేరు జాబు. "ఇన్నాళ్లూ నాలుగు ముక్కల కంటే ఎక్కువ పోయేవి కాదు మాస్టారూ. ఇప్పుడు మనసారా రాసుకోమని చెప్పేశా జనానికి. సంచి నిండిపోయింది."

మూడు, ఇందుమతి. బడి నడుపుతుంది. రాజ్యానికి చెల్లెలు. పిల్లలకు దేశదేశాల స్టేషన్లు పట్టి చూపించే ప్రోగ్రాం రాయించుకుంది. దాని పేరు కూడా బడే. "గోడ మీద పటం తగిలించాం బావా. ఎన్ని దేశాలు దొరికితే అన్ని మేకులు. మేకులు మస్తాన్ ఇస్తానన్నాడు."

"నేనెప్పుడన్నానమ్మా?"

"ఇప్పుడు."

నాలుగోది నాదే. మబ్బు. వాతావరణం పటాలు పట్టుకుంటుంది.

ప్రోగ్రాములు నాలుగు. రేడియో ఒకటి. కంప్యూటర్ నుంచి రేడియోకు వెళ్లే తీగ ఒకటి. ఆ తీగ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే డయల్ తిప్పగలరు. మిగతా వాళ్లకు "తీగ దొరకలేదు" అని ఎర్ర అక్షరాలు వస్తాయి. పాత రోజుల్లో బ్యాండ్ మూసుకుని ఉండేది కాబట్టి ఎవరికీ తొందర ఉండేది కాదు. ఈ రోజు నలుగురూ ఒకేసారి తీగ పట్టుకు లాగారు.

10.20కి మస్తాన్ ఒక పెళ్లి ఉత్తరం పంపుతున్నాడు, అండమాన్‌లో అబ్బాయి వాళ్లకు. "అబ్బాయి ఫొటో అమ్మాయికి చూపించాం" అనేంతవరకు వెళ్లింది. అప్పుడు మబ్బు డయల్‌ను లాక్కుంది. దాని దగ్గరనుంచి తెడ్డు లాక్కుంది. ఉత్తరంలో మిగిలిన సగం పడవల వరసలోకి వెళ్లిపడింది. తెడ్డు దాన్ని పడవ ఉన్న చోటు అనుకుని లెక్కకట్టింది.

నాగవేణి తెర వంక చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మాస్టారూ. మా మరిది టిబెట్లో ఉన్నాడంట."

"పొరపాటు."

"వల కూడా వేశాడంట. మంచు చేపలేమో."

మస్తాన్ నేల మీద కూర్చుని నవ్వాడు. తర్వాత గుర్తొచ్చి లేచాడు. "మరి పెళ్లి? 'అమ్మాయికి చూపించాం' దాకే వెళ్తే వాళ్లేం అనుకుంటారు? నచ్చాడనా, నచ్చలేదనా?"

మళ్లీ పంపుదామంటే బ్యాండ్‌లో అండమాన్ వైపు మూసుకుంది. ఇటునుంచి నచ్చాడని చెప్పేలోగా అటు ఇంటిల్లిపాదీ ఎలా ఉన్నారో.

నమోదు 2213. మార్చి 7, శనివారం, ఉదయం 11.30

రెండో రిగ్గు మీద సభ. అందరూ ఉత్సాహంగా ఉన్నారు. ఎవరూ ఎవరి మాటా వినలేదు.

తీర్మానం: పడవలు వచ్చే శుక్రవారం, 13వ తేదీ మధ్యాహ్నం పన్నెండింటికి బయల్దేరతాయి. ఆ లోపు నలుగురి ప్రోగ్రాములూ ఒకే రేడియోను కొట్టుకోకుండా వాడుకునే ఏర్పాటు నేను చెయ్యాలి. చేస్తే సరే. లేకపోతే బ్యాండ్ తెరిచి ఉన్నన్నాళ్లూ రేడియో పడవలదే. ఉత్తరాలు, బడి, అన్నీ బంద్.

ఏర్పాటు ఇలా అనుకున్నాను. మధ్యలో ఒక ప్రోగ్రాం. రేడియోను ముట్టుకునేది అదొక్కటే. మిగతావన్నీ తమ అవసరం దానికి చెప్పుకోవాలి. అది వంతుల ప్రకారం పని చేసిపెడుతుంది. ఎవరికి వారికి రేడియో తమదే అన్నట్టు ఉంటుంది.

వంతు తేల్చడానికి అందరినీ ఒక అంకె రాసివ్వమన్నాను. మీ పని ఎంత తొందరో ఒకటి నుంచి తొమ్మిదిలోపు. చీటీలు విప్పాను. మస్తాన్ తొమ్మిది. ఇందుమతి తొమ్మిది, కింద గీత. నాగవేణి తొంభై తొమ్మిది.

"తొమ్మిది దాకే అన్నాను."

"మీరన్నారు. సముద్రం అనలేదు."

మబ్బులో ఏముందో చూశాను. ఎనిమిదేళ్ల కిందట నేనే రాసిన అంకె. తొమ్మిది.

నమోదు 2214. మార్చి 8, ఆదివారం, ఉదయం 8.00

బ్యాండ్ ఆరింటికే తెరుచుకుంది. ఫిజీ, హవాయి. హవాయి ఆవిడ పాడింది. నేను పాడలేదు. ఒక చరణం మాత్రం పాడాను.

మంచినీళ్ల కుళాయి దగ్గర నిలబడ్డాను. సముద్రపు నీటిని వడకట్టే ప్లాంటు ఉదయం రెండు గంటలే వదులుతుంది. వరసలో మనిషి ఉండక్కర్లేదు, బిందె పెట్టి వెళ్తే చాలు. బిందె చోటు బిందెదే. ఈ ఊళ్లో పడవలు కొట్టుకున్నాయి, పెళ్లిళ్లు చెడ్డాయి, కానీ బిందెను ఎవరూ జరపలేదు.

అదే రాశాను. అంకెలు తీసేశాను. ఏ ప్రోగ్రామైనా వచ్చి బిందె పెట్టాలి. వంతు వచ్చేదాకా "ఆగు" అన్న జవాబు వస్తుంది. వంతు వస్తే తన పని చేసుకుని, డయల్‌ను ముందు ఎక్కడుందో అక్కడే పెట్టి వెళ్లాలి. మధ్యవర్తి ప్రోగ్రాంకు బిందె అనే పేరు పెట్టాను.

కుళాయి పైన ఒక రేకు బోర్డు ఉంది. "గ్లాసుకు వరస లేదు." తాగడానికి గ్లాసుడు నీళ్లు కావలసినవాళ్లు వరసతో పనిలేకుండా వచ్చి పట్టుకోవచ్చు. నీలం రంగు అక్షరాలు. రాజ్యం ప్లాంటులో కంట్రోల్ బోర్డు చూసేది, ఆ రూలు ఆమే పెట్టింది, బోర్డు ఆమే రాసింది. "వరస"లో వ కొంచెం పెద్దది.

నమోదు 2215. మార్చి 9, సోమవారం, మధ్యాహ్నం 12.45

బిందె ఎక్కించాను. రేడియో వెనకనున్న తీగలన్నీ విప్పి బిందె పెట్టెలోకి మార్చాను. వెనక రెండో తీగ ఒకటి ఎప్పుడూ ఉండేది. భూమి తీగ అనుకునేవాణ్ని. దాన్నీ మార్చాను.

తెర మీద వరస కనిపించింది. తెడ్డు. జాబు. మబ్బు. బడి.

తొంగి.

ఐదోదాన్ని నేను రాయలేదు. తీగ వెంట వేళ్లు పోనిచ్చాను. బల్ల కింద బొటనవేలంత బోర్డు ఒకటి మేకుతో కొట్టి ఉంది. దాని మీద నీలం రంగుతో "తొంగి". వెనక "రాజ్యం".

అది ఏం చేస్తుందో నాకు తెలియదు. విప్పి చూడలేదు. పని ఉంది.

మధ్యాహ్నం పరీక్ష. నలుగురూ ఒకేసారి. ఒక్కరూ ఒక్కరి మీద పడలేదు. బడికి ఉరుగ్వే దొరికింది, ఇందుమతి చప్పట్లు కొట్టింది. "మేకు! మేకు!" మస్తాన్ జేబులోంచి మేకు తీసి ఇచ్చాడు. ఇస్తాననలేదని అంటూనే ఇచ్చాడు.

కానీ నెమ్మది. తెడ్డు వంతు పదకొండు సెకన్లు ఆలస్యంగా వచ్చింది.

నమోదు 2216. మార్చి 10, మంగళవారం, ఉదయం 10.10

ఆలస్యం ఎక్కడో తెలిసింది. తొంగి.

మిగతా నాలుగూ "ఆగు" అంటే ఆగుతాయి. తొంగి ఆగదు. ఒక చిన్న ప్రశ్న అడుగుతుంది. బిందె ఆగు అంటుంది. వెంటనే మళ్లీ అదే అడుగుతుంది. ఆగు. మళ్లీ. సెకనుకు ఐదుసార్లు. నిన్న మధ్యాహ్నం నుంచి ఇప్పటికి దాదాపు నాలుగు లక్షల సార్లు. ఆగు, ఆగు అని చెప్పడానికే బిందెకు సగం పొద్దు సరిపోతోంది.

నాగవేణికి చెప్పక తప్పలేదు.

"తీసేయండి దాన్ని" అంది. తర్వాత నా మొహం చూసింది. "ఎవరిది?"

"రాజ్యానిది."

కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె కూర్చోవడం ఈ స్టేషన్‌లో ఇదే మొదటిసారి, కాబట్టి నమోదు చేస్తున్నాను.

"ఏం చేస్తుందది?"

"తెలియదు."

"పనికొచ్చేదేనా?"

"తెలియదు."

"మాస్టారూ, అక్కదని నాకూ ఉంటుంది. నా మొదటి పడవకి బ్యాటరీ ఆవిడే బిగించింది. కానీ శుక్రవారం ఆరు పడవలు పోతన్నాయి. మొదటి దాంట్లో మా ఇంటాయన ఉన్నాడు. పదకొండు సెకన్లంటే అక్కడ అల మనిషిని తీసుకుపోయేంత టైం."

"శుక్రవారంలోగా చూస్తాను."

"చూడటం కాదు. తీసేస్తానని చెప్పండి, లేకపోతే బాగుచేస్తానని చెప్పండి. రెంటిలో ఏదో ఒకటి."

మస్తాన్ తలుపు దగ్గరనుంచి అన్నాడు: "ఉత్తరం విప్పకుండా పారెయ్యకూడదు మాస్టారూ. పోస్టోడిగా చెప్తున్నా."

నమోదు 2217. మార్చి 11, బుధవారం, సాయంత్రం 5.30

బ్యాండ్ పిచ్చెక్కినట్టుంది. ఈ ఒక్కరోజులో ముప్పై ఒక్క దేశాలు. బడి పటం మీద మేకులు అయిపోయాయి, ఆఫ్రికా నుంచి మిరపకాయ తొడిమలు గుచ్చుతున్నారు. ఐస్‌లాండ్ ఆయనతో వాళ్ల ఊరి చలి గురించి, మా ఊరి ఉక్కపోత గురించి పోటీ పెట్టుకున్నాం. నేను గెలిచాను. ఫిన్లాండ్ నుంచి ఒకావిడ మెరకపాలెం అనడానికి ఏడుసార్లు ప్రయత్నించింది. ఏడోసారి సరిగ్గా అంది. స్టేషన్‌లో ఉన్న పద్నాలుగు మందీ ఒక్కసారి అరిచారు. రిగ్గు ఊగింది. ఊగింది నిజంగానే, పోటు వల్ల.

తొంగిని తీసెయ్యడానికి మూడుసార్లు కూర్చున్నాను. ఒక మీట నొక్కితే చాలు. మొదటిసారి కెన్యా పిలిచింది. రెండోసారి ఇటలీ. మూడోసారి ఎవరూ పిలవలేదు. యాంటెన్నా మీద ఉప్పు తుడవడానికి వెళ్లాను. ఉప్పు లేదు. పొద్దునే తుడిచాను.

ఇందుమతి కిందనుంచి చూస్తోంది.

"విప్పి చూడొచ్చుగా బావా."

"చూస్తాను."

"అందులో మిమ్మల్ని తిట్టి ఉంటుందని భయమా?"

"అదైతే పరవాలేదు."

"మరి?"

నేను గుడ్డ పిండాను. గుడ్డలో నీళ్లు లేవు.

"విప్పితే అయిపోతుంది" అన్నాను. "ఇప్పటిదాకా ఆవిడ చెప్పాల్సింది ఇంకా ఏదో ఒకటి మిగిలే ఉంది."

ఇందుమతి నిచ్చెన పట్టుకుని నిలబడింది, నేను దిగేదాకా.

నమోదు 2218. మార్చి 12, గురువారం, ఉదయం 11.00

కుళాయి దగ్గర ఈ రోజు వరస వంతెన దాకా ఉంది. చిన్న గ్లాసు పట్టుకుని ఒక పెద్దాయన వచ్చాడు. బిందెలన్నీ దాటుకుని ముందుకెళ్లి పట్టుకుని తాగి వెళ్లాడు. ఎవరూ తల తిప్పలేదు. బోర్డు అక్కడే ఉంది.

తొంగి అడిగేది గ్లాసుడే. నేను దాన్ని బిందెల వరసలో నిలబెట్టాను.

బిందె సగం నింపుకుని స్టేషన్‌కు వచ్చాను. తొంగిని విప్పాను.

ముప్పై ఎనిమిది వరసలు. తేదీ పంతొమ్మిదేళ్ల కిందటిది. పని చేసే వరసల మధ్య రాజ్యం తన కోసం రాసుకున్న మాటలున్నాయి. ఆపరేషన్‌కు సంబంధించినవి కాబట్టి ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"మాట్లాడుతున్నాడా అని రేడియోను అడుగు. రేడియో అబద్ధం చెప్పదు."

"డయల్ తిప్పుతుంటే లెక్క మళ్లీ మొదటికి. ఇంకా వెతుకుతున్నాడు."

"మూడు నిమిషాలు చాలవు. మూడో నిమిషంలో ఇంకొక్కడు అంటాడు. నాలుగు."

"జవాబు రాకపోతే వెంటనే మళ్లీ అడుగు. వినిపించుకోడు."

"ఆదివారం రేడియో పోటీలుంటాయి. ఆదివారం ఈ ప్రోగ్రాం నమ్మొద్దు. ఉప్మా."

చివరి వరస: "నాలుగు నిమిషాలు నిండితే ఏడో తీగ మీద దీపం. దీపం వెలిగితే పెనం."

తొంగి బోర్డునుంచి బయల్దేరే ఏడో తీగ గోడలోకి వెళ్తుంది. గోడ అవతల వంటగది.

ఏడు నెలలుగా నేను మెస్సులో తింటున్నాను. వంటగది తలుపుకు తాళం వెయ్యలేదు, తియ్యనూ లేదు. గొళ్లెం బిగిసింది, ఉప్పు గాలికి. సుత్తితో కొట్టాను. పొయ్యి పక్కన అలమరలో పోపుల పెట్టె, దాని వెనక పెసర గింజంత పచ్చ దీపం. మనిషి పొయ్యి ముందు నిలబడితేనే కనిపిస్తుంది. గుమ్మం దగ్గరనుంచి చూసేవాడికి కనపడదు. గుమ్మం దగ్గరనుంచి చూసేది నేనే.

మనసట.

నవ్వాను. స్టేషన్‌లో ఎవరూ లేరు. చాలాసేపు నవ్వాను. పంతొమ్మిదేళ్లు క్లబ్బులో, సభలో, కోళ్ల చిలీ ఆయనతో సహా, మా ఆవిడకు నా మనసు తెలుస్తుందని చెప్పుకున్నాను. ఆవిడ రేడియోను అడిగి తెలుసుకుంది.

సోమవారం వరకు ఆ దీపం పనిచేసింది. రోజుకు రెండు మూడు సార్లు వెలిగి ఉంటుంది, ఏడు నెలలు, మూసిన గదిలో. సోమవారం నేను తీగ మార్చాను. అప్పటినుంచి ఆమె ప్రోగ్రాం అడిగిన ప్రతిసారీ నా ప్రోగ్రాం చెప్పింది ఒక్కటే. ఆగు.

దిద్దుబాటు, సాంకేతికం: బిందె ఇకమీదట అర సెకనుకోసారి రేడియోను తానే అడుగుతుంది, డయల్ ఎక్కడుంది, మాట్లాడుతున్నారా అని. ఆ జవాబు కుళాయి పక్కన కూజాలా దగ్గర పెట్టుకుంటుంది. చిన్న ప్రశ్న అడిగేవాళ్లకు అందులోంచి వెంటనే ఇస్తుంది. వరస లేదు. రేడియోను ముట్టుకోవడం లేదు. జవాబు దొరకగానే తొంగి రెండు సెకన్లు నోరు మూసుకుంటుంది. ఆలస్యం పదకొండు సెకన్ల నుంచి సున్నా కంటే కొంచెం ఎక్కువకు వచ్చింది.

దిద్దాక నాలుగు నిమిషాలు ఏమీ ముట్టుకోకుండా కూర్చున్నాను. వంటగదిలోకి వెళ్లి చూశాను. వెలిగింది.

పెసలు కొంచెం ఉన్నాయి, డబ్బా మూత గట్టిది. పురుగు పట్టలేదు. రేపటి కోసం విడిగా గిన్నె తీసి పెట్టాను.

నమోదు 2219. మార్చి 13, శుక్రవారం, మధ్యాహ్నం 3.00

ఉదయం ఐదింటికి పెసలు నానబోశాను. బ్యాండ్ ఆరింటికి తెరుచుకుంది.

తొమ్మిదింటికి పరీక్ష. స్టేషన్ నిండా జనం, కిటికీకి జనం, నిచ్చెన మీద జనం. నాగవేణి తెర ముందు కుర్చీ వేసుకుంది. వాళ్ల ఇంటాయన పడవ పది కిలోమీటర్ల అవతల ఆగి ఉంది, పరీక్ష కోసం.

"ఐదూ ఉన్నాయిగా?" అని అడిగింది.

"ఐదూ."

"తీసెయ్యలా?"

"బాగుచేశాను."

"తేడా వస్తే పీకేస్తా. చెప్తున్నా."

"పీకండి."

9.02. తెడ్డు అడిగింది. పడవ ఉన్న చోటు తెర మీద పడింది, ఆలస్యం లేదు. నాగవేణి వేలితో తెర మీద పడవను ముట్టుకుంది. "సముద్రంలోనే ఉన్నాడు" అని ప్రకటించింది. టిబెట్ అని వెనకనుంచి ఎవరో అన్నారు. తిట్టింది.

9.04. మబ్బు. వాతావరణం పటం, అంచుల్తో సహా. తుఫాను లేదు.

9.05. తెడ్డు మళ్లీ. సరిగ్గా.

9.07. జాబు. మస్తాన్ ఉత్తరం పంపాడు. ఈసారి మొదట్లోనే ఒక్క వాక్యం: అబ్బాయి మాకు నచ్చాడు, అమ్మాయి కూడా ఊ అంది, తరవాతి సంగతులు కింద. 9.09కి అండమాన్ నుంచి జవాబు. మస్తాన్ చదివి వినిపించాడు. "ఎనిమిది రోజులుగా మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. మా అబ్బాయి అయితే గడ్డం కూడా గీసుకోలేదు. ఇప్పుడు గీసుకుంటున్నాడు." పెళ్లికూతురు నిచ్చెన మీదే ఉంది. దిగి పారిపోయింది. వంతెన అంతా దాని చప్పుడే.

9.10 నుంచి బడి. టాంగా, సమోవా, ఇంకో మూడు దీవులు పేర్లు రాసుకునేలోపే. వాటి మధ్యలో తెడ్డు నాలుగుసార్లు, మబ్బు ఒకసారి. ఎవరూ ఎవరినీ తొయ్యలేదు. ఒకే రేడియో, ఒకే తీగ. అక్కడున్న ప్రతివాడికీ రేడియో తనదే అనిపించింది. నాకు తెలుసు ఎవరిదో.

పదకొండుంబావుకు నాగవేణి లేచింది.

"ఐదోది ఏం చేస్తుందో తెలిసిందా?"

"తెలిసింది."

"పనికొచ్చేదేనా?"

"వస్తుంది."

నాగవేణి పోతూ పోతూ బల్ల కిందకి వంగి, ఆ బోర్డు మీద రెండు వేళ్లతో తట్టింది, పడవ అంచు మీద తట్టినట్టు.

పన్నెండింటికి పడవలు వెళ్లాయి. ఆరూ వరసగా. ఊరంతా మూడో రిగ్గు అంచున నిలబడి చేతులు ఊపింది. పన్నెండున్నరకు తెర మీద ఆరు చుక్కలు, ఆరూ నీలంలోనే.

ఇందుమతి మాత్రం స్టేషన్ వదలలేదు. రేడియో ముందు నా కుర్చీలో కూర్చుని, నా హెడ్‌ఫోన్ పెట్టుకుని, పోర్చుగల్ వాళ్లకు మెరకపాలెంలో మేకుల కొరత గురించి చెబుతోంది. తినడానికి రమ్మంటే చెయ్యి ఊపింది. "ఇంకొక్కటి బావా. ఇంకొక్కటి."

నేను వంటగదిలోకి వచ్చాను. పెసలు రుబ్బాను. అల్లం తరిగాను, ముక్కలు లావుగా వచ్చాయి. పెనం పెట్టాను. మొదటిది మాడింది. రెండోది చిరిగింది. పొయ్యి తగ్గించి నిలబడ్డాను.

దీపం ఆరి ఉంది. గోడ అవతల ఇందుమతి మాట్లాడుతోంది.

ఇక్కడినుంచి మాటలు తెలియవు. గొంతు మాత్రం వినిపిస్తుంది, నవ్వు వినిపిస్తుంది. పంతొమ్మిదేళ్లు ఈ గోడ ఇవతల రాజ్యానికి వినిపించింది ఇదన్నమాట. దొరికిన ప్రతివాడికీ నమస్కారాలు చెబుతున్న మనిషి. కాస్త గట్టిగానే వినిపిస్తుంది.

మాట ఆగింది. నిశ్శబ్దం. ఒక నిమిషం. రెండు. గరిటె తీశాను. మూడో నిమిషంలో గోడ అవతలనుంచి వినపడింది: "హలో, హలో, ఇంకెవరైనా ఉన్నారా?" గరిటె పెట్టేశాను. మళ్లీ నవ్వు. మళ్లీ మాటలు. చాలాసేపు.

తర్వాత నిజంగా ఆగింది. నేను లెక్కపెట్టలేదు. పోపుల పెట్టె వంక చూస్తూ నిలబడ్డాను.

పచ్చగా వెలిగింది.

పిండి పోశాను. చుర్రుమంది. గరిటె వెనకతో తిప్పాను, గుండ్రంగా రాలేదు. అల్లం, ఉల్లిపాయ, జీలకర్ర. అంచులు లేచాక మడిచాను. పళ్లెంలో వేసేసరికి గుమ్మంలో చప్పుడైంది. ఇందుమతి, చెవుల మీద హెడ్‌ఫోన్ గుర్తులు ఇంకా ఎర్రగా. పళ్లెంలోంచి ఆవిరి లేస్తోంది.

"నేను ఇప్పుడే లేచానుగా" అంది. "ఎలా తెలిసింది బావా?"

పోపుల పెట్టెను కొంచెం ఎడమకు జరిపాను, దీపానికి అడ్డంగా.

"మనసు" అన్నాను.